కాలిన కొండ కింద ఇల్లు: ఫ్లడ్ పాలసీయా, ఇసుక బస్తాలా, ముందే వెళ్లిపోవడమా?

మంటలు తగ్గి మమ్మల్ని ఇళ్లకు రానిచ్చిన వారంలో, మా వీధి చివర కొండ వాలు దగ్గర నిలబడి సీసాలో ఉన్న నీళ్లు నేలమీద పోశాను. ఇంకలేదు. తామరాకు మీద పడ్డట్టు గుండ్రటి బొట్లయి, బూడిదను ఒంటికి పూసుకుని కిందికి దొర్లిపోయాయి. వేలితో గీకి చూస్తే అంగుళం లోపల మట్టి పిండిలా పొడిగా ఉంది. పొదలూ ఆకులూ కాలినప్పుడు వాటిలోని మైనం లాంటి పదార్థాలు ఆవిరై మట్టిలోకి దిగుతాయి. చల్లబడ్డాక మట్టి రేణువులకు పూతలా పట్టుకుంటాయి. పైన వానను ఆపే ఆకు లేదు, కింద మట్టిని పట్టుకునే వేరు లేదు, నేల నీరు తాగదు. పడ్డ చినుకల్లా కిందికే వస్తుంది.

మేముండేది లాస్ ఏంజెలెస్ కౌంటీలో, శాన్ గాబ్రియేల్ కొండల పాదాల దగ్గర. 2025 జనవరి 7న ఈటన్ ఫైర్ అనే కార్చిచ్చు మొదలైన రాత్రి బట్టలు, పాస్‌పోర్టులు కారులో వేసుకుని బయటపడ్డాం. ఇల్లు మిగిలింది. గండం గడిచిందనుకున్నాం. అసలు రెండో గండం అప్పుడే మొదలైందని చెప్పినవాళ్లు లేరు.

వరదంటే మన మనసులో ఉండే బొమ్మ వేరు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏరు పెరుగుతుంటే చూస్తూ సామాను మేడ మీదికి చేర్చుకునే వ్యవధి ఉంటుంది. కాలిన కొండ కింద ఆ వ్యవధి ఉండదు. ఇక్కడ రోజంతా ఎంత వాన పడిందన్నది కాదు, పావుగంటలో ఎంత గట్టిగా పడిందన్నదే ముఖ్యం. అమెరికా జియలాజికల్ సర్వే లెక్క ప్రకారం అరగంటలో 7 మిల్లీమీటర్ల వానకే కాలిన వాలు నుంచి రాళ్లూ బురదా కలిసి దిగిన సందర్భాలున్నాయి. పక్కన నది కూడా అక్కర్లేదు.

ఇక్కడ రెండు జతల తేదీలు చెబుతాను, ఈ వ్యాసంలో మిగతాదంతా వాటి మీదే నడుస్తుంది. కాలిఫోర్నియా తీరంలోని మాంటెసిటో ఊరి పైన కొండల్ని కాల్చిన థామస్ ఫైర్ 2017 డిసెంబరు 4న మొదలైంది. 2018 జనవరి 9 తెల్లవారుజామున 5 నిమిషాల్లో దాదాపు అర అంగుళం వాన పడి కొండ దిగొచ్చింది. 23 మంది పోయారు, 400కు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి. అప్పటికి మంట పూర్తిగా అదుపులోకి కూడా రాలేదు, ఆ ప్రకటన వచ్చింది జనవరి 12న. ఇక మా దగ్గర 2025 జనవరి 7న మంట, ఫిబ్రవరి 13న బురద. మొదటిదానిలో 36 రోజులు, రెండోదానిలో 37. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ (వరద బీమా) అమల్లోకి రావడానికి పట్టేది 30 రోజులు. అంటే నిర్ణయం తీసుకోవడానికి చేతిలో ఉన్నది వారం మాత్రమే. ఆ వారం మనం ఎక్కడుంటాం? బంధువుల ఇంట్లోనో హోటల్లోనో, పొగ వాసన వేసే బట్టలతో, స్కూలు ఎప్పుడు తెరుస్తారని పిల్లలు అడుగుతుంటే ఆ టెన్షన్‌లో. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

ముందు ఇల్లు ఎక్కడుందో చూసుకోండి

"అన్నా, మా ఇల్లు ఎక్స్ జోన్‌లో ఉంది కదా, లోన్ ఇచ్చిన బ్యాంకు కూడా అడగలేదు, ఇంకెందుకు?" అని ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు. చాలామంది అడిగేదే ఇది. ఫెమా (అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ) వాళ్ల ఫ్లడ్ మ్యాపులో ఎక్స్ అంటే ముప్పు తక్కువని. ఏ, వీ అక్షరాలతో మొదలయ్యే జోన్లకే బ్యాంకు పాలసీ తప్పనిసరి చేస్తుంది. కానీ ఆ మ్యాపు గీసింది కొండ పచ్చగా ఉన్నప్పుడు. కొండ కాలిందని అది దానంతటదే మారదు. కాబట్టి ఎక్స్ జోన్ అన్న మాట మీకు మంట ముందటి సంగతే చెబుతుంది.

మ్యాపు కంటే మీ కళ్లు నయం. ఇల్లు లోయ మూతి దగ్గర ఉందా? లోయ మూతి నుంచి విసనకర్రలా పరుచుకున్న నేల మీద ఉందా? ఆ నేల ఎన్నో వేల ఏళ్లుగా ఇలాంటి బురద దిగి దిగి ఏర్పడిందే. పెరట్లో బండరాళ్లుంటే అవి నడిచొచ్చినవే. వాగుకు వంద అడుగుల్లో ఉన్నారా? వీధి నేరుగా కొండ వైపు ఏటవాలుగా ఎక్కుతోందా? అలాంటి వీధి వాన రోజున కాలువ అవుతుంది. దీనికి తోడు జియలాజికల్ సర్వే వాళ్లు పెద్ద మంటల తర్వాత ఏ లోయ నుంచి బురద దిగే అవకాశం ఎంతో రంగుల మ్యాపు వేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడతారు. మీ లోయ ఎరుపులో ఉంటే కింద చెప్పే పోలికలు మీకు చాలా మారిపోతాయి. శిఖరం మీద, లోయకు దూరంగా ఉన్న ఇంటికి భయం బురద ప్రవాహం కంటే పెరటి గట్టు జారడం. ఆ తేడా పాలసీ దగ్గర ముఖ్యమవుతుంది, చూడండి.

పాలసీ: ప్రభుత్వానిదా, ప్రైవేటుదా, ఇంటి పాలసీ చాలా?

మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు. కాలిఫోర్నియాలో కంపెనీలు వదిలేసినవారికి దిక్కయిన ఫెయిర్ ప్లాన్‌లోనూ ఉండదు. వరదకు విడిగా కొనుక్కోవాలి.

ప్రభుత్వ పాలసీని ఎన్‌ఎఫ్‌ఐపీ (జాతీయ వరద బీమా పథకం) అంటారు. మీ ఊరు ఆ పథకంలో చేరి ఉంటే చాలు, వెనక కొండ కాలిందని మీకు పాలసీ ఇవ్వననడానికి వీల్లేదు. నా దృష్టిలో దాని అతి పెద్ద బలం అదే. ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్ల వరకు ఇస్తుంది. సామానుకు విడిగా తీసుకోవాలి, ఇంటి పాలసీతో పాటు అదే వస్తుందనుకోకండి. బలహీనతలూ ఉన్నాయి. సామానుకు ఇచ్చేది పాతబడిన విలువే, కొత్తది కొనుక్కునే ధర కాదు. ఇల్లు బాగయ్యేదాకా బయట అద్దెకుంటే ఆ ఖర్చు ఇవ్వదు. బేస్‌మెంట్‌లో ఉన్నవాటికి చాలా తక్కువ ఇస్తుంది. కాలిఫోర్నియాలో ఇల్లు మళ్లీ కట్టాలంటే 2,50,000 ఎక్కడ సరిపోతుంది? అయినా ఏమీ లేనిదానికీ దానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

30 రోజుల వెయిటింగ్‌కు ఒక మినహాయింపు ఉంది. ఏజెంట్లలో కూడా చాలామందికి తెలియదు కాబట్టి జాగ్రత్తగా చదవండి. నష్టం చేసిన వరద కాలిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూమి మీద నుంచి వచ్చి, ఆ మంట వల్లే వచ్చిందని లేదా పెరిగిందని తేలితే, మంట పూర్తిగా అదుపులోకి వచ్చిన రోజుకు ముందు గానీ, ఆ తర్వాత 60 రోజుల్లో గానీ పాలసీ కొన్నవారికి 30 రోజుల నిబంధన అడ్డురాదు. ఇక్కడ కీలకం "ఫెడరల్ భూమి". ఈటన్ ఫైర్ కాల్చిన కొండలు చాలావరకు ఏంజెలెస్ నేషనల్ ఫారెస్ట్‌వి, అంటే ఫెడరల్. అదే రోజు మొదలైన పాలిసేడ్స్ ఫైర్‌లో స్టేట్ పార్కు భూములూ ప్రైవేటు భూములూ ఎక్కువ. అక్కడివారు ఈ మినహాయింపును నమ్ముకుని కూర్చోకూడదు. పైగా ఇది క్లెయిమ్ వేశాక తేలే విషయం, కొన్న రోజున ఎవరూ హామీ ఇవ్వరు. దీన్ని అదృష్టం కింద లెక్కేసుకోండి, ప్లాన్ కింద కాదు.

నా సంగతి చెబుతాను. మంట వచ్చిన వారంలో ఒక ఏజెంటుకు ఫోన్ చేస్తే "మీది ఎక్స్ జోన్ అండి, డబ్బులు దండగ" అన్నారు. ఆ మాట పట్టుకుని పది రోజులు పోగొట్టాను. చివరికి జనవరి 20న కొన్నాను, కవర్ మొదలయ్యేది ఫిబ్రవరి 19. ఫిబ్రవరి 13 రాత్రి మా వీధి నిండా నల్లటి బురద. తెల్లారి గ్యారేజీ తలుపు ఎత్తితే నేలంతా చీలమండల దాకా చిక్కటి పప్పులా పరుచుకుని ఉంది, అందులో కాలిన కొమ్మలు, మా పక్కింటివారి పూలకుండీ. పారతో ఎత్తి పోస్తే సరిపోయింది, క్లెయిమ్ దాకా వెళ్లలేదు. ఇంకో రెండడుగులు వచ్చి ఉంటే నేను ఆ ఫెడరల్ భూమి మినహాయింపు మీద ఆశ పెట్టుకుని వాదించుకోవాల్సి వచ్చేది. ఆ పది రోజుల గురించి ఇప్పటికీ నిద్రపట్టని రాత్రులున్నాయి.

ప్రైవేటు ఫ్లడ్ పాలసీ ఎక్కువ మొత్తానికి దొరుకుతుంది, చాలావాటిలో బయట అద్దె ఖర్చు కూడా ఉంటుంది, వెయిటింగ్ సాధారణంగా 30 రోజుల కంటే తక్కువ. కానీ కొండ కాలాక వాళ్లు మీ పిన్‌కోడ్‌కు తలుపు మూసేయవచ్చు, ఏడాది తిరిగాక రెన్యువల్ చేయకపోవచ్చు. అందుకే నా సలహా ఇది: కొండ ఇంకా పచ్చగా ఉండి, ఇంటి విలువ 2,50,000 కంటే బాగా ఎక్కువైతే ప్రైవేటుది చూడండి, లేదా ప్రభుత్వ పాలసీ పైన అదనంగా ప్రైవేటుది తీసుకోండి. కొండ ఇప్పటికే కాలిపోయి ఉంటే కొటేషన్లు పోలుస్తూ రోజులు గడపకండి. మొదట ప్రభుత్వ పాలసీ కొనేయండి, పోలిక తర్వాత. ఇంకో మాట. ఎన్‌ఎఫ్‌ఐపీ గడువును అమెరికా కాంగ్రెస్ పొడిగిస్తూ ఉండాలి. 2025 అక్టోబరు, నవంబరులో ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు కొత్త పాలసీలు ఆగిపోయాయి. పనిమీద కొనబోయిన రోజునే కొట్టు మూసి ఉండవచ్చన్నమాట.

ఏమీ కొనకుండా ఇంటి పాలసీ మీదే ఆధారపడేవారి వాదన ఒకటుంది, అది పూర్తిగా తప్పు కాదు. కాలిఫోర్నియా చట్టంలో నష్టానికి అసలు కారణం ఏదో దాన్నిబట్టి పాలసీ వర్తిస్తుంది. మాంటెసిటో తర్వాత 2018 జనవరిలో రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ కంపెనీలకు నోటీసిచ్చారు: బురదకు అసలు కారణం మంటే అయితే, మంటకు కవర్ ఉన్న ఇంటి పాలసీ ఆ నష్టాన్నీ చెల్లించాలి అని. మంచి రక్షణే. కానీ "అసలు కారణం మంటే" అని నిరూపించేది ఎవరు? ఇల్లు బురదలో ఉండగా మీరే. కొన్నేళ్లు గడిచి గడ్డి మొలిచాక ఆ వాదన ఇంకా పలచబడుతుంది. ఇతర రాష్ట్రాల్లో ఇలా ఉంటుందని అనుకోకండి. ఇది చివరి ఆయుధంగా ఉండనివ్వండి.

బురద అన్న ఒక్క మాట కింద రెండు రకాలున్నాయి. నీళ్లతో కలిసి మజ్జిగలానో పప్పులానో పారుతూ వచ్చిన బురదకు ఫ్లడ్ పాలసీ చెల్లిస్తుంది. గట్టు నానిపోయి పెళ్లగా విరిగి జారితే చెల్లించదు, అది నేల కదలడం కింద వస్తుంది. శిఖరం మీద ఇల్లున్నవారు ఈ తేడా తెలుసుకుని, నేల జారడానికి కూడా కవర్ ఇచ్చే పాలసీ ఉందేమో బ్రోకర్‌ని అడగాలి. ఏది జరిగినా పార పట్టకముందు ఫోటోలు, వీడియో తీయండి. బురద ఎటు నుంచి ఎటు పారిందో కనిపించేలా, గోడ మీద మరక ఎత్తు పక్కన టేపు పెట్టి.

అద్దెకున్నవారు, వీసా మీద ఉన్నవారు

అద్దెకుంటే ఇంటి గొడవ ఓనర్ది. కానీ మీ సోఫా, ల్యాప్‌టాప్‌లు, పట్టుచీరలు ఓనర్ పాలసీలోకి రావు. సామానుకు మాత్రమే ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ 1,00,000 వరకు తీసుకోవచ్చు.

హెచ్1బీ మీద ఉన్న మన కుటుంబాలు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. విపత్తు తర్వాత ఫెమా ఇచ్చే నగదు సాయం అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు లాంటి అర్హత ఉన్నవారికే. హెచ్1బీ ఆ జాబితాలో లేదు. ఇంట్లో ఇక్కడ పుట్టి పౌరసత్వం ఉన్న మైనర్ పిల్లలుంటే వారి తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయవచ్చు. కానీ ఫ్లడ్ పాలసీ కొనడానికి పౌరసత్వంతో పని లేదు. ప్రభుత్వ సాయం వస్తుందిలే అన్న ధైర్యం లేనివాళ్లమే పాలసీ ముందు కొనాలి. ఇది మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత చెప్పినా తక్కువే.

బస్తాలా, కాంక్రీటు అడ్డా, గోడా?

పాలసీ కొన్నాకే ఇక్కడికి రండి. బస్తాలు పేర్చే పని కంటికి కనిపిస్తుంది, మనసుకు ఊరట. అందుకే అందరూ ముందు అదే చేస్తారు. నేనూ అంతే.

ఇసుక బస్తా నీటిని దారి మళ్లించడానికి, ఆపడానికి కాదు. అడుగు లోతు లోపు నీళ్లకు, పలచటి బురదకు పనికొస్తుంది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఫైర్ స్టేషన్ల దగ్గర బస్తాలు ఉచితంగా ఇస్తారు, చాలాచోట్ల ఇసుక కూడా. మొదటిసారి మా బావమరిదీ నేనూ బస్తాలను మెడ దాకా దట్టించి తాడు కట్టాం. పేరిస్తే గుండ్రాళ్లలా మధ్యలో సందులు. పక్కన నింపుకుంటున్న ఒక పెద్దాయన చూసి, సగానికి కాస్త పైన నింపమని, మూతి మడిచి ఆ మడత నీళ్లొచ్చే వైపు కిందకు పెట్టమని, ఒక్కో వరసనూ కాలితో తొక్కి చదును చేయమని చూపించారు. అప్పుడు ఇటుకల్లా కూర్చున్నాయి. రెండడుగుల ఎత్తు దాటి కట్టొద్దు. ఆ ఎత్తుకే అడుగున మూడింతల వెడల్పు కావాలి, బస్తాలు వందల్లో పడతాయి. ప్లాస్టిక్ సంచులు ఎండకు కొన్ని నెలల్లో చీకిపోతాయి కాబట్టి ప్రతి వానాకాలం ముందు మార్చాలి. తలుపుల కింద, గ్యారేజీ ముందు, నేలకు దగ్గరున్న వెంట్ల దగ్గర పెట్టండి. ఇంటి చుట్టూ కోట కట్టనక్కర్లేదు.

హైవేల మీద కనిపించే బరువైన కాంక్రీటు అడ్డుగోడల్ని ఇక్కడ కే-రెయిల్ అంటారు. వీధి కాలువగా మారే చోట బురదను వీధిలోనే ఉంచి ఇళ్లలోకి రానివ్వకుండా చేస్తాయి. బస్తాల కంటే ఎన్నో రెట్లు గట్టివి, ఏళ్ల తరబడి ఉంటాయి. కానీ క్రేన్ కావాలి, వీధిలో పెట్టాలంటే ఊరి అనుమతి కావాలి. ఒక్క ఇంటివారు పెట్టుకుంటే సరిపోదు, వీధంతా కలవాలి. మీ ఇల్లు లోయ మూతికి ఎదురుగా ఉంటే బస్తాల మీద శ్రమ పెట్టకుండా ఇరుగుపొరుగును కూడగట్టి ఊరివారిని అడగండి.

శాశ్వతమైన మళ్లింపు గోడ కట్టాలనుకుంటే ముందు ఇంజనీరును పిలవండి. వాలుకు అడ్డంగా నిలబెట్టిన గోడ బురద బరువుకు ఇంటి మీదే పడొచ్చు, ఏటవాలుగా పెట్టి పక్కకు తోసేదే నిలుస్తుంది. కాలిన ప్రాంతాల ఇళ్లకు కౌంటీ పబ్లిక్ వర్క్స్ ఇంజనీర్లు ఉచితంగా సలహా ఇస్తారు, అడిగి చూడండి. ఏ అడ్డు పెట్టినా మీ నీళ్లు పక్కింట్లోకి వెళ్లకూడదు. స్నేహం పోవడం ఒక్కటే కాదు, కోర్టు దాకా పోతుంది.

వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే పని ఒకటుంది, కాలువలు శుభ్రం చేయడం. ఇంటి పక్క డ్రెయిన్ మూత ఎత్తి చేయి పెడితే నాకు దోసెడు నల్లటి మడ్డి, కరిగిన ప్లాస్టిక్ ముక్కలు వచ్చాయి. గ్లవ్స్, మాస్కు లేకుండా ముట్టుకోకండి, కాలిన ఇళ్ల బూడిదలో విషపదార్థాలుంటాయి. ఆ బూడిదను కడిగి వీధి కాలువలోకి వదలొద్దు.

ఉండాలా, వెళ్లాలా?

ఇక్కడ పోలిక ఒకవైపే మొగ్గుతుంది. పైన చెప్పిన అడ్డులన్నీ పలచటి బురదకు. అసలైన రాళ్ల ప్రవాహం గంటకు 50 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కార్లంత బండల్ని మోసుకొస్తుంది. 2025 ఫిబ్రవరి 13న పసిఫిక్ తీరపు హైవే మీద అగ్నిమాపక శాఖ వాహనాన్నే సముద్రంలోకి తోసేసింది, లోపలున్న వ్యక్తి అదృష్టం కొద్దీ బయటపడ్డారు. దాని ముందు బస్తా ఎంత, గోడ ఎంత?

ఎవాక్యుయేషన్ ఆర్డర్ అంటే వెళ్లి తీరాలి. వార్నింగ్ అంటే సిద్ధంగా ఉండమని, నెమ్మదిగా కదిలేవారు వెంటనే కదలమని. మాంటెసిటోలో హైవే 192కి పైనున్నవారికి ఆర్డర్ ఇచ్చారు, కిందివారికి వార్నింగే. ఇళ్లు కూలిన చోట్లు చాలావరకు ఆ కిందే. అది చదివాక మా ఇంట్లో మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: వార్నింగ్‌నే ఆర్డర్‌గా తీసుకుంటాం. ముఖ్యంగా ఇండియా నుంచి అత్తయ్య, మామయ్య వచ్చి ఉన్న నెలల్లో. వాళ్ల ఫోన్లలో ఇంగ్లిష్‌లో వచ్చే అలర్ట్ అర్థం కాకపోవచ్చు, డ్రైవింగ్ రాదు, మందులు వెంట ఉండాలి. చీకటి పడకముందే స్నేహితుల ఇంటికి వెళ్లిపోతాం. మూడుసార్లు వెళ్లి, మూడుసార్లూ ఏమీ జరగక తిరిగొచ్చాం. అత్తయ్య ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆలస్యమై రోడ్లు మునిగాయా, ఇక కారు తీయకండి. పై అంతస్తుకు, కొండ వైపు కాని గదిలోకి వెళ్లండి. గూడ్సు రైలు వస్తున్నట్టు మోత వినిపిస్తే వాగుకు దూరంగా, పక్కకు, ఎత్తుకు పరుగెత్తాలి. బురద వెళ్లే దిక్కునే పరుగెత్తకూడదు.

ఇది ఒక్క వానాకాలంతో పోయే భయం కాదు. రాళ్ల ప్రవాహాలు మొదటి రెండేళ్లలో ఎక్కువ, వరద ముప్పు మొక్కలు తిరిగి పట్టేదాకా, అంటే ఐదేళ్ల వరకూ ఉండొచ్చని ఫెమా చెబుతుంది. న్యూ మెక్సికోలోని రుయిడోసో కొండలు 2024 జూన్‌లో కాలాయి. ముగ్గురిని తీసుకుపోయిన వరద 2025 జూలై 8న వచ్చింది, ఏడాది దాటాక. మొదటి ఏడాది ఏమీ కాలేదని రెండో ఏడాది పాలసీ రెన్యువల్ ఆపేసేవారు ఈ తేదీలు చూడాలి. కొలరాడో, అరిజోనా, న్యూ మెక్సికోలో ఉన్నవారికి మరో తేడా ఉంది. మాకు వాన చలికాలంలో వస్తుంది. అక్కడ జూన్‌లో మంట, జూలైలో ఉరుముల వాన. ఆ మధ్య 30 రోజులు కూడా ఉండకపోవచ్చు. అందుకే అక్కడ పాలసీ మంట రాకముందే ఉండాలి, ఎండాకాలం మొదలవకముందే.

కొండ పక్కన ఇల్లు కొనబోతున్నవారికి

కొనేటప్పుడు లోన్‌తో పాటు ఫ్లడ్ పాలసీ తీసుకుంటే 30 రోజుల వెయిటింగ్ ఉండదు. సంతకాల రోజే కవర్ మొదలవుతుంది, ఈ అవకాశం వదులుకోకండి. కాలిఫోర్నియాలో అమ్మేవారు ఇచ్చే ప్రకృతి ప్రమాదాల పత్రంలో వరద జోన్, ఫైర్ జోన్ రెండూ రాసి ఉంటాయి. ఫైర్ జోన్ అవును, ఫ్లడ్ జోన్ కాదు అని ఉంటే సంతోషించకండి. ఆ ఇంటి వెనక లోయ ఎంత పెద్దది, మూతి దగ్గర బురదను పట్టి ఆపడానికి కౌంటీ తవ్విన గుంట ఉందా, ఉంటే ఖాళీగా ఉందా నిండి ఉందా, వెళ్లి చూడండి. ఓపెన్ హౌస్ రోజున ఎండగా ఉంటుంది, అన్నీ బాగుంటాయి. వాన పడుతున్న రోజు ఒకసారి గొడుగేసుకుని ఆ వీధి పైనుంచి కింది దాకా నడవండి. నీళ్లు కర్బ్ లోపలే పోతున్నాయా, ఎవరి డ్రైవ్‌వేలోకి తిరుగుతున్నాయా చూడండి. ఆ మలుపు దగ్గర ఉండే పాత ఇంటివారిని పలకరించి, బురద ఎప్పుడైనా ఎంతదాకా వచ్చిందని అడగండి. మా వీధిలో అలా అడిగితే ఒక పెద్దావిడ తన గేటు స్తంభం మీద మోకాలెత్తున చేయి పెట్టి చూపించారు.